వాతావరణ మార్పు, మన నీళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

రైతుల సమావేశంలోనైనా, కాలేజీలోనైనా, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులోనైనా వాతావరణ మార్పు గురించి మాట మొదలైతే కాసేపటికి అది నీళ్ళ దగ్గరికే వస్తుంది. అలా మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలకు ఇవి జవాబులు. ప్రపంచమంతటికీ సంబంధించిన విషయమే అయినా, వీలైన ప్రతిచోటా మన పొలం, మన బోరు, మన డాబా దాకా తెచ్చే ప్రయత్నం చేశాను.

భూమి వేడెక్కితే నీళ్ళకేమవుతుంది?

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. వేడిగాలి నేల నుంచి, చెరువు నుంచి, ఆకుల నుంచి ఎక్కువ తేమ లాగేస్తుంది. అందుకే వాన ఎగ్గొట్టిన పది రోజుల్లోనే పైరు వాడు ముఖం పడుతుంది. ఆ గాలే కురిసినప్పుడు మాత్రం మోసుకొచ్చినదంతా ఒక్కసారి కుమ్మరించి పోతుంది. ఏడాది మొత్తం వాన లెక్క పెద్దగా మారకపోయినా, వాన పడే రోజులు తగ్గి, పడిన రోజున జోరు పెరుగుతుంది. జోరువాన నేలలోకి ఇంకే లోపే వాగులో కలిసిపోతుంది.

పరిశ్రమలు విస్తరించకముందు నాటితో పోలిస్తే 2011–2020 దశకంలో భూమి సగటున 1.1 డిగ్రీలు వేడిగా ఉంది. 2024లో ఆ పెరుగుదల మొదటిసారి ఏడాది సగటులోనే 1.5 డిగ్రీలు దాటింది.

అయితే మనకు వానలు పెరుగుతాయా, తగ్గుతాయా?

రెండూ చూస్తాం, ఒక్కోసారి ఒకే సీజన్‌లో. దక్షిణాసియాలో రుతుపవనాల వాన మొత్తం మీద పెరుగుతుందనే శాస్త్రవేత్తల అంచనా. కానీ రైతుకు కావాల్సింది అదునుకు పడే వాన. 2023 ఆగస్టునే చూడండి. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశంలో అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. మరుసటి ఏడాది సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.4 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 2022 జులైలో, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అదే ఎక్కువ. ఆగస్టులో రావాల్సిన పెద్ద వరద జులైలోనే వచ్చేసరికి ఏజెన్సీ ఊళ్ళకు సర్దుకునే టైమే దొరకలేదు.

వీటిలో ప్రతి ఒక్కటీ వాతావరణ మార్పు వల్లేనని తేల్చి చెప్పలేం. బుడమేరు కొల్లేటికి పోయే దారిని ఇరుకు చేసింది మనమే. వాన పెరగడం ఒక ఎత్తు, దానికి దారి లేకపోవడం ఇంకో ఎత్తు. రెండో దాన్ని సరిచేయడానికి ప్రపంచ దేశాల ఒప్పందాలు అక్కర్లేదు, మున్సిపాలిటీ చాలు.

భూమి మీద ముప్పావు వంతు నీళ్ళే కదా, కొరత ఎందుకు?

ఆ నీళ్ళలో 97.5 శాతం ఉప్పునీరు. మిగిలిన కాస్త మంచినీటిలో మూడింట రెండు వంతులు మంచుగా గడ్డకట్టి ఉంది. మిగతాదాంట్లో చాలా భాగం నేల కింద ఉంది. మనం రోజూ చూసే నదులు, చెరువులు, సరస్సులన్నీ కలిపినా మంచినీటిలో ఒక శాతం కూడా ఉండవు.

హిమాలయాల్లో మంచు కరిగితే గోదావరి, కృష్ణలకు ఏమవుతుంది?

నేరుగా ఏమీ కాదు. గోదావరి త్ర్యంబకం దగ్గర, కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుడతాయి. రెండూ వానతో బతికే నదులు. సింధు, గంగ, బ్రహ్మపుత్రల సంగతి వేరు. ఎండాకాలంలో వాటిని కొంతవరకు మంచు నీళ్ళు ఆదుకుంటాయి. మంచు వేగంగా కరిగే కొన్నాళ్ళు ప్రవాహం పెరిగినట్టే ఉంటుంది, ఆ తర్వాత తగ్గుతుంది. ఈలోగా ఇంకో ప్రమాదం ఉంది. కరిగిన నీరు కొండల మీద సరస్సులుగా నిలిచి, ఏదో ఒక రోజు గట్టు తెంచుకుంటుంది. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ లోనక్ సరస్సు అలాగే తెగి, తీస్తా నది మీద చుంగ్‌తాంగ్ దగ్గరున్న డ్యామును కొట్టుకుపోయింది.

మిగతా దేశాల్లో ఏం జరిగింది? మనం నేర్చుకోదగ్గది ఏమైనా ఉందా?

రెండు ఉదాహరణలు చాలు. మధ్య ఆసియాలోని ఏరల్ సముద్రం ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో అతిపెద్ద సరస్సు. 1960ల నుంచి అందులో కలిసే అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్ళను పత్తి చేలకు మళ్ళించారు. ఇవాళ దానిలో పదో వంతు కూడా మిగల్లేదు. ఒకప్పుడు ఓడరేవుగా ఉన్న మొయ్‌నాక్ పట్టణం పక్కన తుప్పు పట్టిన పడవలు ఇసుకలో పడి ఉన్నాయి. ఇది వానలు లేక వచ్చిన కష్టం కాదు. పంట ఏది వేయాలో, ఎన్ని ఎకరాలు వేయాలో నదితో సంబంధం లేకుండా నిర్ణయించడం వల్ల వచ్చింది. 2005లో కజకిస్తాన్ ఆ సరస్సులో ఉత్తరపు చిన్న భాగాన్ని వేరు చేస్తూ కోక్ అరల్ డ్యామ్ కట్టాక ఉత్తరాన కొంత నీరు, దాంతో పాటు చేపలు తిరిగి వచ్చాయి.

రెండోది దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్. 2015 నుంచి వరసగా మూడేళ్ళు వాన మొహం చాటేయడంతో, కుళాయిలు బంద్ చేసే రోజు ఒకటి రాబోతోందని నగర పాలకులు ముందే ప్రకటించారు. ఆ రోజు వస్తే మనిషికి 25 లీటర్ల చొప్పున వీధుల్లో పంచాలన్నది ప్లాను. 2018 ఫిబ్రవరి 1 నుంచి ఒక్కొక్కరికి రోజుకు 50 లీటర్లే అన్నారు. జనం నిజంగానే తగ్గించుకున్నారు. నగరం వాడకం మూడేళ్ళలో సగానికి పైగా పడిపోయింది. ఆ ఏడాది వానలు వచ్చి గండం గడిచింది. డ్యాముల్లో ఎంత నీరుందో ప్రతి వారం జనానికి చెప్పడం అక్కడ బాగా పనిచేసిందని నా అభిప్రాయం.

మనకు దగ్గర్లో 2019 జూన్‌లో చెన్నై రిజర్వాయర్లు నాలుగూ దాదాపు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకోవాల్సి వచ్చింది. శ్రీశైలం నుంచి కండలేరు మీదుగా పూండికి కృష్ణా నీళ్ళిచ్చే తెలుగుగంగ ఉండి కూడా ఆ కష్టం తప్పలేదు. పైన కృష్ణలోనే నీళ్ళు లేనప్పుడు కాలువ ఒక్కటే ఏం చేస్తుంది?

నదీజలాల పంపకాల లెక్కలు వాతావరణ మార్పును పట్టించుకున్నాయా?

లేదు. ఇది అందరూ దాటేసే ప్రశ్న. అమెరికాలో కొలరాడో నదిని ఏడు రాష్ట్రాలకు పంచుతూ 1922లో ఒప్పందం రాసుకున్నారు. వాళ్ళు చూసిన సంవత్సరాలు మామూలు కంటే వాన ఎక్కువ పడినవి. నదిలో ఎప్పుడూ ఉండేదానికంటే ఎక్కువ నీళ్ళను కాగితం మీద పంచేశారు. ఆ పైన ఎండలు పెరిగాయి. 2022 జులైలో ఆ నది మీద కట్టిన జలాశయం మీడ్ సరస్సు, 1930ల్లో నిండడం మొదలయ్యాక ఎన్నడూ లేనంత కిందికి దిగింది. లాస్ వేగస్, ఫీనిక్స్ వైపు స్థిరపడిన మనవాళ్ళు తాగే నీళ్ళలో ఈ నది నీళ్ళూ ఉన్నాయి.

కృష్ణ విషయంలో బచావత్ ట్రిబ్యునల్ నూటికి 75 ఏళ్ళు ఖాయంగా వచ్చే నీరు 2,060 టీఎంసీలని తేల్చి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. ఆ నీటి లెక్కంతా 1970ల ముందటి ప్రవాహాలది. రేపటి వానలు నిన్నటి వానల్లాగే ఉంటాయన్న నమ్మకం మీదే కాలువలు, ఆయకట్టు, స్పిల్‌వేలు అన్నీ కట్టుకున్నాం. ఎవరి వాటా ఎంత అన్న గొడవ ఎంత పెద్దదో, పంచుకునే మొత్తమే మారుతోందన్నది అంతకంటే పెద్ద సంగతి. కొరత ఏడాదిలో కోత ఎవరికి, ఎంత అన్నది ముందే రాసుకోవాలి.

భూగర్భజలం మన దగ్గర ఎందుకు అంత త్వరగా అడుగంటుతుంది?

ప్రపంచంలో అందరికంటే ఎక్కువ భూగర్భజలం తోడేది భారతదేశమే. అమెరికా, చైనా కలిపి తోడేదానికంటే మన వాడకం ఎక్కువ. అందులోనూ పంజాబ్ వేరు, మనం వేరు. అక్కడ వందల మీటర్ల లోతున ఇసుక, ఒండ్రు పొరలున్నాయి. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల కింద ఉన్నది గట్టి గ్రానైటు రాయి. పైన కొన్ని మీటర్ల మందాన శిథిలమైన రాయి, మొరం. ఆ కింద అక్కడక్కడా పగుళ్ళు. నీరు నిలిచేది వీటిలోనే. వందలో ఒకటి నుంచి మూడు వంతుల జాగా మాత్రమే నీటికి దొరుకుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడి, అందులో పదో వంతు, అంటే 60 మిల్లీమీటర్లు ఇంకిందనుకోండి. నీటి జాగా రెండు శాతమే కాబట్టి నీటిమట్టం ఏకంగా 3 మీటర్లు లేస్తుంది. ఊరంతా సంతోషిస్తుంది. అదే కారణంగా తోడినప్పుడు కూడా అంతే వేగంగా పడిపోతుంది. యాసంగిలో బోరు కింద ఒక ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు పెడతాం. 60 మిల్లీమీటర్ల చొప్పున చూస్తే, ఆ ఒక్క ఎకరం ఇరవై ఎకరాల మీద ఏడాదంతా ఇంకిన నీటిని తాగేసింది. పెట్టిన నీటిలో సగం మళ్ళీ ఇంకిందని దయతలచినా పది ఎకరాలది. ఊళ్ళో ఎన్ని ఎకరాలున్నాయి, ఎన్ని ఎకరాల్లో వరి ఉంది? జవాబు అక్కడే దొరుకుతుంది.

బోరు ఎండింది. ఇంకో రెండు వందల అడుగులు దింపించమంటారా?

అప్పు చేసి మాత్రం వద్దు. గట్టి రాయిలో కిందికి పోయే కొద్దీ పగుళ్ళు తగ్గుతాయి. వెయ్యి అడుగులు వేసినా దుమ్ము తప్ప చుక్క రాని బోర్లు అనంతపురం జిల్లాలో లెక్కలేనన్ని. పడినా, అది పక్క రైతు బోరుకు పోయే నీరే కావచ్చు. ఒకే కుంటకు రెండు గట్ల మీద రెండు మోటార్లు పెట్టినట్టు. కొత్త బోరుకు అనుమతి కావాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది కానీ పల్లెల్లో దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ.

రైతును తప్పుపట్టి లాభం లేదు. కరెంటు ఉచితం, కొనుగోలు గ్యారంటీ ఉన్నది వరికి, చెరువు కింద తూము పాడై పదేళ్ళు. అలాంటప్పుడు ఎవరైనా బోరే వేస్తారు. కంది, పెసర, జొన్న, చిరుధాన్యాలకు కూడా వడ్లంత నమ్మకంగా కొనుగోలు ఉంటే సగం బోర్లు వాటంతట అవే విశ్రాంతి తీసుకుంటాయి.

నీటి లెక్క కట్టి పంట వేసిన ఊళ్ళు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి, మన దగ్గరే. 2000ల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, 600కు పైగా ఊళ్ళలో, నెదర్లాండ్స్ డబ్బుతోనూ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతోనూ రైతులే భూగర్భజలాన్ని చూసుకునే కార్యక్రమం నడిచింది. రైతులు, అందులో ఆడవాళ్ళు కూడా, రోజూ వాన కొలిచారు, ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం కొలిచారు. వానాకాలం అయ్యాక అందరూ కూర్చుని, నేలలో ఎంత చేరింది, రబీలో ఎవరు ఏ పంట వేద్దామనుకుంటున్నారు, దానికి ఎంత కావాలి అని కూడికలు, తీసివేతలు చేశారు.

నాకు ఇందులో నచ్చింది ఒకటే: ఎవరూ ఎవరికీ ఆర్డర్ వేయలేదు. జరిమానా లేదు, నిషేధం లేదు. లోటు ఎంతో అందరి ముందూ కనబడింది, ఆ తర్వాత నిర్ణయం ఎవరిది వారిదే. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. మహారాష్ట్రలో హివ్రే బజార్ ఇంకాస్త కటువుగా వెళ్ళింది. అక్కడ గ్రామసభే సాగుకు బోర్లు వద్దని తీర్మానించి, ఏటా వాన చూసి పంటలు నిర్ణయిస్తుంది. రెండు దారులూ పనిచేశాయి. రెండింటిలోనూ ముందు కొలత ఉంది.

వరి మానేయాల్సిందేనా?

అక్కర్లేదు. గోదావరి డెల్టాలో సార్వాకు వరి కాక ఇంకేం వేస్తారు? బోరు కింద యాసంగి వరి గురించే నా దిగులు. కిలో వడ్లకు మొక్క నిజంగా పీల్చేది సుమారు 1,400 లీటర్లు. పొలానికి పెట్టేది మాత్రం 2,500 లీటర్ల దాకా ఉంటుంది. ఎప్పుడూ నీళ్ళు నిలిపితే ఇంకో నష్టం కూడా ఉంది. గాలి ఆడని బురదలోని సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు జోరైనది.

దీనికి చవకైన ఉపాయం ఒక పైపు ముక్క. అడుగు పొడవు పీవీసీ పైపు తీసుకుని కింది సగానికి చుట్టూ చిల్లులు పెట్టి, ఆ చిల్లుల భాగం మట్టిలోకి పోయేలా గట్టుకు దగ్గరగా మడిలో పాతాలి. లోపలి మట్టి తీసేస్తే నేల కింద నీరు ఎక్కడుందో కంటికి కనబడుతుంది. నాట్లు వేసిన రెండు వారాల తర్వాత నుంచి, మడిలో నీరు ఆరిపోయినా కంగారు పడకుండా, పైపులో నీరు నేలమట్టానికి జానెడు కన్నా కాస్త తక్కువ, అంటే 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్ళీ తడి ఇవ్వాలి. పూత సమయంలో మాత్రం పలుచగా నీరు నిలపాలి. ఇలా చేస్తే 30 శాతం దాకా నీరు ఆదా అవుతుంది, మీథేన్ సగం దాకా తగ్గుతుంది, దిగుబడి పోదు. కలుపు కొంచెం ఎక్కువ వస్తుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. కాలువ కింద అయితే వంతుల ప్రకారం నీళ్ళు ఖాయంగా వస్తేనే రైతు మడి ఆరబెట్టే ధైర్యం చేస్తాడు. నమ్మకం లేనిచోట ఎవరైనా నీళ్ళు కట్టిపెట్టుకుంటారు.

డ్రిప్ పెడితే సమస్య తీరినట్టే కదా?

ఎకరానికి వాడే నీరు తగ్గుతుంది, నిజమే. కానీ మిగిలిన నీళ్ళతో ఇంకో రెండెకరాలు బత్తాయి వేస్తే ఊరి నీటిమట్టానికి ఒరిగిందేమీ ఉండదు. స్పెయిన్‌లో, మొరాకోలో ఇదే జరిగింది. డ్రిప్‌తో పాటు ఊరి మొత్తం వాడకానికి ఒక హద్దు కూడా ఉండాలి.

చెరువుల పూడిక తీస్తే ఎంత ఉపయోగం?

చాలా. జోరువానలు పెరిగే కాలంలో వాటిని ఆపే చోటు కావాలి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు చేసింది అదే: పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల బాగు లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక మట్టి పొలాలకు తోలుకున్న రైతులకు ఎరువు ఖర్చు కూడా కలిసొచ్చింది. అయితే కట్ట ఎంత బలంగా ఉన్నా, చెరువులోకి నీరు తెచ్చే కాలువ మీద ప్లాట్లు వెలిస్తే ఆ చెరువు నిండదు.

నగరంలో ఉంటున్నాం. మా డాబా మీద పడే వాన ఏపాటిది?

చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వంద గజాల డాబా అంటే సుమారు 84 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే ఆ డాబా మీద 67 వేల లీటర్లు పడినట్టు. ఐదో వంతు పోయినా 53 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. మొదటి వాన దుమ్మును బయటికి వదిలేసి, తర్వాతి నీటిని సంపులోకో ఇంకుడు గుంతలోకో పంపండి. గుంత తవ్వి ఫొటో తీసుకుని వదిలేస్తే రెండేళ్ళకు మట్టి పూడి పనికిరాదు. ఏటా రోహిణి కార్తెలో కంకర, ఇసుక కడిగి మళ్ళీ వేయండి.

మురుగునీటిని శుద్ధి చేసి తాగడమా?

నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుంచి తాగుతోంది. సింగపూర్ 2003 నుంచి అలాంటి నీటిని ఎక్కువగా పరిశ్రమలకు, కొంత రిజర్వాయర్లకు ఇస్తోంది. ఇజ్రాయెల్ తన మురుగునీటిలో చాలా భాగాన్ని శుద్ధి చేసి పొలాలకు పెడుతుంది. మనం తాగేదాకా వెళ్ళనక్కర్లేదు. నిర్మాణ పనులకు, ఫ్యాక్టరీలకు, పార్కులకు, ఫ్లష్‌లకు వాడినా మంచినీళ్ళు ఎంతో మిగులుతాయి. సముద్రపు నీటిని మార్చుకోవడం దీనికంటే ఖరీదు. వెయ్యి లీటర్లకు మూడు, నాలుగు యూనిట్ల కరెంటు కావాలి, మిగిలిన గాఢమైన ఉప్పునీటిని ఎక్కడ వదలాలన్నది ఇంకో తలనొప్పి.

సముద్రమట్టం పెరిగితే కోస్తాకు ముప్పు ఎంత?

1901 నుంచి 2018 దాకా సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, వేగం కూడా పెరుగుతోంది. డెల్టాలకు ఇది రెండు వైపుల నుంచి దెబ్బ. నది తెచ్చే ఒండ్రు డ్యాముల వెనక ఆగిపోవడంతో డెల్టా నేలకు కొత్త మట్టి చేరడం లేదు. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరం కోత కళ్ళముందే ఉంది. నది చివర మంచినీరు తగ్గితే ఉప్పు లోపలికి వస్తుంది. వృథాగా సముద్రంలో కలుస్తున్న నీరు అనే మాట వినగానే నాకు బాధ కలిగేది అందుకే. ఆ నీటిలో కొంత డెల్టాను, మడ అడవులను, చేపలను బతికిస్తోంది.

సుస్థిర అభివృద్ధి అంటే అసలు ఏమిటి? పేద దేశాలు ఎందుకు తగ్గించుకోవాలి?

1987లో ఐక్యరాజ్యసమితి తరఫున బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన అర్థం ఇప్పటికీ చెల్లుతుంది: రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే వీలు పోకుండా ఇప్పటివాళ్ళ అవసరాలు తీర్చుకోవడం. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 లక్ష్యాల్లో ఆరోది అందరికీ నీరు, పారిశుధ్యం. గడువు 2030. ప్రపంచంలో 200 కోట్ల మందికి పైగా ఇంట్లో సురక్షితమైన నీరు ఇప్పటికీ లేదు. గడువులోగా అందుతుందని నేను నమ్మడం లేదు.

కర్బన ఉద్గారాలు సగటు భారతీయుడికి ఏడాదికి 2 టన్నులైతే, సగటు అమెరికన్‌కు 14 టన్నులు. తగ్గించాల్సిన బాధ్యత ఎవరి మీద ఎక్కువో చెప్పడానికి ఇది చాలు. నష్టపోయిన దేశాలను ఆదుకునే నిధికి 2022లో ఒప్పుకున్నారు కానీ అందులో వేసిన డబ్బు నష్టం ముందు చాలా చిన్నది. ఆ పోరాటం సాగాల్సిందే. ఈలోపు మన బోరును అమెరికా ఎండబెట్టలేదన్నది కూడా నిజం.

మా ఊళ్ళో ఎక్కడ మొదలుపెట్టాలి?

వాన కొలవడంతో. వానమాపకం కొనలేకపోతే, అడుగు చదునుగా, అంచులు నిటారుగా ఉన్న డబ్బా, ఒక స్కేలు చాలు. చెట్లకు, గోడలకు దూరంగా పెట్టి రోజూ ఉదయం 8:30కి, వాతావరణ శాఖ కొలిచే వేళకే, డబ్బాలో నీరు ఎన్ని మిల్లీమీటర్లుందో చూసి తేదీతో రాయండి. నెలకోసారి ఊళ్ళో వాడకంలో లేని ఒకటి, రెండు బావుల్లోకి బరువు కట్టిన తాడు వదిలి నీటిమట్టం కూడా రాయండి. స్కూలు పిల్లలు ఈ పని శ్రద్ధగా చేస్తారు. పక్క ఊరివాళ్ళు కూడా కొలుస్తుంటే రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఐదు కిలోమీటర్ల దూరంలో వాన ఎంత తేడాగా పడుతుందో, మండలం సగటులో మీ ఊరి కరువు ఎందుకు కనబడదో తెలుస్తుంది. పంట నష్టం రాయడానికి అధికారులు వచ్చినప్పుడు ఆ పుస్తకం చూపించండి.